పాటల లైబ్రరీకి పోర్టబుల్ హార్డ్ డిస్క్: విజయనగరం నుంచి ఒక రివ్యూ

ముందు తీర్పు చెప్పేస్తా, తర్వాత ఓపికుంటే మిగతాది చదవండి. పాటలు దాచుకోవడానికి 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ బాగా సరిపోతుంది, పెట్టిన డబ్బులకి తగ్గ సరుకే, 5కి 4 ఇస్తున్నా. కానీ డబ్బా మీద ప్లగ్ అండ్ ప్లే అని గొప్పగా రాసుంటుంది చూడండి, అది ఫైళ్ల వరకే. ఫైళ్లు ఎక్కించడం ఏముంది, కంట్రోల్ సీ కంట్రోల్ వీ తెలిసినవాళ్లెవరైనా చేస్తారు. ఏళ్ల తరబడి కూర్చుని కట్టుకున్న ప్లేలిస్టులు, ఏ పాటకి ఎన్ని స్టార్లు ఇచ్చుకున్నాం, ఏది ఎన్నిసార్లు విన్నాం, ఇవన్నీ చెక్కుచెదరకుండా కొత్త డిస్కు మీదకి రావడం మాత్రం వేరే సంగతి, అదెలాగో కొట్టువాడూ చెప్పడు, డబ్బాలో వచ్చే చిట్టి కాయితమూ చెప్పదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

కంపెనీ పేరు రాయట్లేదు. దాచాలని కాదు, ప్రపంచం మొత్తమ్మీద ఇప్పుడు హార్డ్ డిస్కులు తయారుచేసేవి 3 కంపెనీలే, సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. పై డబ్బా మీద ఎవరి బొమ్మ ఉన్నా లోపలి డిస్కు ఈ ముగ్గురిలో ఒకరిదే. కాబట్టి ఈ సైజులో మీకు ఏది దొరికినా ఇక్కడ రాసినవాటిలో చాలావరకు దానికీ వర్తిస్తాయి.

ఇంకా పాటలు ఫైళ్లుగా దాచుకునేవాళ్లు ఉన్నారా, యాప్‌లో నొక్కితే వస్తాయి కదా అని మా తమ్ముడు కూడా నవ్వాడు. వస్తాయి, కాదనను, కొత్త సినిమా పాటలన్నీ వస్తాయి. కానీ మన ఊరి సంగతి వేరు. 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరు ఇది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పనిచేసిన చోటు, ఘంటసాల, సుశీల చదువుకున్న కాలేజీ. ఇక్కడ ఇళ్లల్లో ఇప్పటికీ ఏదో ఒక అల్మరాలో క్యాసెట్లు ఉంటాయి. మా నాన్న గుళ్లో కూర్చుని టేప్ రికార్డర్‌లో పట్టిన హరికథలు, రేడియోలోంచి పట్టిన వయొలిన్ కచేరీలు, మధ్యలో ప్రాంతీయ వార్తలు మొదలవగానే గబుక్కున ఆపేసిన చప్పుడుతో సహా, అవి ఏ యాప్‌లోనూ రావు. పైగా యాప్‌లో నిన్న ఉన్న ఆల్బమ్ ఇవాళ బూడిద రంగులోకి మారి నొక్కితే పలకదు, హక్కులు అయిపోయాయట. నా డిస్కులో ఉన్నది ఎవడూ వచ్చి పట్టుకుపోడు.

ఇక కొనడం. విజయనగరంలో కంప్యూటర్ కొట్లకి కొదవ లేదు, అటు మూడు లాంతర్ల వైపు వెళ్లినా ఇటు కాంప్లెక్స్ వైపు వచ్చినా దొరుకుతాయి. నేను కొన్న కొట్టాయన పెద్దాయన, నేను ముందు ఎస్ఎస్‌డీ (పళ్లెం తిరగకుండా చిప్పుల్లో రాసుకునే, ధర ఎక్కువుండే రకం) అడిగితే ఒక్క మాటలో కొట్టిపారేశాడు. "ఏటి బాబూ, పాటలకి ఎస్ఎస్‌డీ ఎందుకు, డబ్బులెక్కువైపోనాయేటి? ఇదట్టుకెల్లు." తన దగ్గర ఎక్కువ ధరది అమ్ముడుపోయే బేరాన్ని తనే చెడగొట్టుకున్నాడు, ఆ ఒక్క కారణానికి కొట్టుకి 5కి 5. ఆయన చెప్పింది కరెక్టు కూడా. మంచి క్వాలిటీ ఎంపీ3 అంటే 320 కేబీపీఎస్, అంటే సెకనుకి 40 కేబీ చదివితే చాలు పాట ఆగకుండా వస్తుంది. సీడీ క్వాలిటీ అయినా సెకనుకి 176 కేబీ. ఈ డిస్కు సెకనుకి 100 ఎంబీ పైన చదువుతుంది. పాట వినడానికి ఎస్ఎస్‌డీ స్పీడు ఏం చేసుకుంటాం. కింద పడేస్తామన్న భయం ఉన్నవాళ్లు, రోజూ బ్యాగులో వేసుకుని తిరిగేవాళ్లు ఎస్ఎస్‌డీ కొనుక్కోండి, దాంట్లో తిరిగే పార్టులు ఉండవు కాబట్టి దెబ్బ ఓర్చుకుంటుంది. ఇంట్లో టేబుల్ మీద ఉండేదానికి అనవసరం.

6 వేల చిల్లర అయింది. బిల్లు అడిగి తీసుకోండి, సీరియల్ నంబర్ బిల్లు మీద వేయించుకోండి, వారంటీకి అదే ఆధారం. నాకు 3 ఏళ్ల వారంటీ ఇచ్చారు. వారంటీ అంటే పాడైన డిస్కుకి బదులు ఇంకో డిస్కు ఇస్తారు, అంతే, మీ పాటలు ఇవ్వరు. ఇది చాలామందికి తెలీదు, సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర గొడవ పడతారు పాపం.

ఆన్‌లైన్‌లో 2 వేలకే 16 టీబీ అని మెరుస్తూ కనిపించేవి ఉంటాయి, వాటి జోలికి పోకండి. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి కంప్యూటర్‌కి 16 టీబీ అని అబద్ధం చెప్పేలా చేస్తారు, ఎక్కిస్తుంటే ఎక్కుతున్నట్టే కనబడుతుంది, తర్వాత తెరిస్తే సగం పాటలు ఖాళీ. అనుమానం ఉంటే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక చిన్న ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, డిస్కు నిండా రాసి మళ్లీ చదివి నిజం చెప్పేస్తుంది. 2 టీబీకి రాయడం చదవడం కలిపి సగం రోజు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడమే. కొట్లో కొన్నా ఇంటికి రాగానే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్కు ఎన్ని గంటలు నడిచిందో, ఎంత ఉందో చూడండి, కొత్త డిస్కుకి సున్నా పక్కన ఉండాలి, వందల్లో ఉంటే ఎవరో వాడి తిరిగిచ్చిందని అర్థం. నాది సున్నాయే.

2 టీబీ అని కొంటే కంప్యూటర్లో 1.81 టీబీ అని చూపిస్తుంది, మోసం కాదు అది. కంపెనీవాడు వెయ్యి లెక్కన కొలుస్తాడు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, తేడా అక్కడ వస్తుంది.

వస్తువు చూడ్డానికి నల్లగా, చొక్కా జేబులో పట్టేంత, పైన గరుకు ప్లాస్టిక్, ఒక మూల సన్నటి తెల్ల లైటు. చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప చప్పుడు తెలీదు. నచ్చనిది కేబులు. జానెడున్నర ఉంటుంది, అంతకు మించి లేదు, సీపీయూ కింద పెట్టుకునేవాళ్లకి డిస్కు గాల్లో వేలాడుతుంది. ఆ కేబుల్ డిస్కు వైపు చివర వెడల్పుగా, రెండు ముక్కలు పక్కపక్కన అతికించినట్టు ఉంటుంది, మైక్రో బీ అంటారు, అది సాకెట్లో కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. వేలితో తడితే లైటు ఆరి వెలుగుతుంది, కాపీ మధ్యలో ఇలా అయితే గుండె జారుతుంది. చాలా పోర్టబుల్ డిస్కుల్లో ఈ సాకెట్టు లోపలి బోర్డుకే అతికించేసి ఉంటుంది, విరిగితే డిస్కు విప్పి ఇంకో కేసులో పెట్టుకునే వీలుండదు. ఈ రోజుల్లో కూడా టైప్ సీ ఇవ్వకుండా ఇదే అంటగడుతున్నారంటే ఏమనాలి. 5లో ఒకటి కోసింది దీనికే.

డెస్క్‌టాప్ వాడేవాళ్లు వెనకాల ఉన్న పోర్టుకే పెట్టండి. ముందువైపు పోర్టుల్లో పాత క్యాబినెట్లకి కరెంటు సరిగ్గా అందదు, డిస్కు టిక్ టిక్ అని లేవలేక లేవలేక చప్పుడు చేస్తుంది. లోపల నీలం రంగు ఉంటే సాధారణంగా యూఎస్‌బీ 3, నలుపైతే పాత 2. తేడా మామూలుగా ఉండదు, 3 మీద 110, 120 ఎంబీ వచ్చేది 2 మీద 30, 35కి పడిపోతుంది.

నా లైబ్రరీ పాత ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ నిండా ఉంది, ఎర్రగీత పడిపోయి విండోస్ అప్‌డేట్‌కి కూడా చోటు లేదు, ఈ పని మొదలెట్టిందే అందుకు. ఐదు నిమిషాల పాట 320లో ఉంటే 12 ఎంబీ, అదే పాట సీడీ నుంచి ఫ్లాక్ (క్వాలిటీ పోకుండా సైజు తగ్గించే ఫైలు రకం)లోకి దించితే 30 ఎంబీ దరిదాపు, ఇక నాన్న క్యాసెట్లు ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో పట్టినవి వేవ్‌లో, అంటే ఏమీ కుదించకుండా, నిమిషానికి 10 ఎంబీ పైన, 90 నిమిషాల క్యాసెట్ ఒకటి ఇంచుమించు 950 ఎంబీ తింటుంది. వాటిని ఫ్లాక్ చేసి పెట్టుకోండి, క్వాలిటీ ఒక్క చుక్క పోదు, సైజు సగానికి అటూ ఇటూ వస్తుంది.

కాపీ గురించి రెండు మాటలు. విండోస్ మామూలు కాపీ పెద్దగా నమ్మదగ్గది కాదు, అయిపోయింది అంటుంది తప్ప సరిగ్గా వెళ్లిందా లేదా మళ్లీ చూసుకోదు. టెరాకాపీ అనే కాపీ ప్రోగ్రామ్ పెట్టుకోండి, వెరిఫై టిక్ చేయండి. కాపీ అయ్యాక అటు ఫైలూ ఇటు ఫైలూ రెండూ చదివి పోల్చి ఒక్కొక్క పాట పక్కన పచ్చ టిక్ పెట్టుకుంటూ వెళ్తుంది, టైము రెట్టింపు పడుతుంది, పట్టనివ్వండి. నాకు ఒక ఫోల్డర్లో ఎర్ర గుర్తులు వచ్చాయి, పాత ల్యాప్‌టాప్ డిస్కే అక్కడ దెబ్బతింది, అదృష్టం కొద్దీ ఆ పాటలకి సీడీలు ఇంట్లో ఉన్నాయి. మామూలు కాపీ అయితే ఎక్కడో ఒకచోట ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది, ఏది వెళ్లిందో ఏది ఉండిపోయిందో మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇంకోటి, మొదట్లో 110 ఎంబీ మీద దూసుకెళ్లి, కాసేపయ్యాక 30, 20కి పడిపోయి ఈడ్చుకుంటూ పోతుంది, డిస్కు పాడైందని కంగారు పడకండి. ఈ చిన్న డిస్కుల్లో ఎక్కువశాతం ఎస్ఎంఆర్ రకం, లోపల ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటాయి, కొత్తది రాయాలంటే పక్కదాన్నీ కదిపి మళ్లీ రాయాలి. ముందు ఖాళీగా ఉంచుకున్న చోట గబగబా రాసుకుంటుంది, అది నిండాక సర్దుకోవడం మొదలెడుతుంది, అప్పుడు స్పీడు పడుతుంది. దీనికితోడు పాటలంటే వేల చిన్న ఫైళ్లు, ఆల్బమ్ బొమ్మలు ఇంకా చిన్నవి, అవి ఒక్కొక్కటీ తెరిచి మూసేసరికి ఇంకా నెమ్మది. చదవడానికి మాత్రం ఈ ఇబ్బంది లేదు, కాబట్టి పాటలకి ఎస్ఎంఆర్ అయినా పర్లేదు, ఒక్కసారి ఎక్కిస్తాం, వందసార్లు వింటాం.

ఎండాకాలం మన కరెంటు సంగతి తెలిసిందే కదా. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ ఉంటుంది, డిస్కు కూడా దాని యూఎస్‌బీ కరెంటు మీదే నడుస్తుంది కాబట్టి కట్ అయినా తెలీదు. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే ఈ పని మొదలెట్టకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. నేను ఐపాడ్ కాలం నుంచీ ఐట్యూన్స్ (యాపిల్ వాళ్ల పాటల ప్రోగ్రామ్) మనిషిని, విండోస్ మీదే. దాంట్లో పాటల ఫైళ్లు ఒకచోట, వాటి లెక్కలు రాసుకున్న లైబ్రరీ ఫైలు ఇంకోచోట ఉంటాయి. స్టార్లు, ప్లేలిస్టులు, ప్లే కౌంట్ అన్నీ ఆ లైబ్రరీ ఫైలులో ఉంటాయి, పాట ఫైలులో ఉండవు. ఆ లైబ్రరీ ఫైలు ఏం గుర్తుపెట్టుకుంటుందంటే, ఫలానా పాట సీ డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్‌లో ఉంది అని అడ్రస్ గుర్తుపెట్టుకుంటుంది. మీరు ఆ ఫోల్డర్ ఎత్తి హార్డ్ డిస్కులో పెట్టేసి సీలోంచి డిలీట్ కొట్టారనుకోండి, ఐట్యూన్స్ తెరిస్తే ప్రతి పాట పక్కనా ఆశ్చర్యార్థకం గుర్తు. ఒక్కో పాటకీ ఎక్కడుందో చూపించమంటుంది. వేల పాటలకి ఎవడు చూపిస్తాడు. సరే అని అంతా తీసేసి కొత్త డిస్కులోంచి మళ్లీ యాడ్ చేస్తే పాటలొస్తాయి, పదేళ్ల స్టార్లు పోతాయి, ప్లేలిస్టులు ఖాళీ. మా బంధువుల్లో ఒకాయనకి ఇదే జరిగింది, ఊళ్లో ఒక సర్వీసు కొట్టుకి ఇస్తే వాళ్లు ఫైళ్లన్నీ నీట్‌గా ఎక్కించి సీ ఖాళీ చేసి ఇచ్చారు, పని బ్రహ్మాండంగా చేశామనుకున్నారు వాళ్లు.

సరైన దారి ఏంటంటే, కదిపే పని ఐట్యూన్స్ చేతే చేయించాలి. ఎడిట్‌లో ప్రిఫరెన్సెస్, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ మీడియా ఫోల్డర్ లొకేషన్ అని ఉంటుంది, దాన్ని హార్డ్ డిస్కులో కొత్తగా పెట్టిన ఫోల్డర్‌కి మార్చాలి. అక్కడే పక్కన రెండు టిక్కులు ఉంటాయి, ఫోల్డర్ సర్దిపెట్టమని ఒకటి, కొత్త పాట యాడ్ చేస్తే దాన్ని ఈ ఫోల్డర్లోకి కాపీ చేయమని ఒకటి, రెండూ పెట్టుకోండి. ఇది మార్చినంత మాత్రాన పాటలు కదలవు, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. తర్వాత ఫైల్‌లో లైబ్రరీ, అందులో ఆర్గనైజ్ లైబ్రరీ, దాంట్లో కన్సాలిడేట్ ఫైల్స్ టిక్ చేసి ఓకే. అప్పుడు ఎక్కడెక్కడో, డౌన్‌లోడ్స్‌లో, డెస్క్‌టాప్ మీద, డీ డ్రైవ్‌లో చెల్లాచెదురుగా ఉన్న పాటలన్నీ కొత్త డిస్కులోకి కాపీ అవుతాయి, లైబ్రరీలో అడ్రసులూ మారతాయి. కాపీయే, మూవ్ కాదు, పాతవి సీలో అలాగే ఉంటాయి. కొన్నాళ్లు ఉంచి, అటూ ఇటూ పాటలు పలుకుతున్నాయని చూసుకుని అప్పుడు తీసేయండి. ఐట్యూన్స్ కాపీకి వెరిఫై లేదు కాబట్టి నేను ముందే టెరాకాపీతో మొత్తం ఇంకో ఫోల్డర్‌కి ఎక్కించి పెట్టుకున్నా, 2 టీబీ ఉంది కదా, చోటుకి కరువేముంది.

ఇంతా అయ్యాక కూడా లైబ్రరీ ఫైలు సీ డ్రైవ్‌లోనే ఉంటుంది గుర్తుపెట్టుకోండి. ల్యాప్‌టాప్ పోతే అదీ పోతుంది. అది కూడా డిస్కులోకి రావాలంటే ఐట్యూన్స్ మూసేసి, సీలో మ్యూజిక్ కింద ఉన్న ఐట్యూన్స్ ఫోల్డర్‌ని డిస్కులోకి కాపీ చేసి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఐట్యూన్స్ తెరవండి, ఏ లైబ్రరీ వాడాలి అని అడుగుతుంది, డిస్కులోది చూపించండి. ఐట్యూన్స్ ఉన్న పాత మ్యాక్ వాళ్లకి షిఫ్ట్ బదులు ఆప్షన్. ఒకసారి చూపిస్తే తర్వాత నుంచి అదే తెరుచుకుంటుంది.

లైబ్రరీ ఫైలు సీలోనే ఉంచుకున్నవాళ్లకి, డిస్కు పెట్టకుండా ఐట్యూన్స్ తెరవడం అలవాటైతే చిక్కు. మీడియా ఫోల్డర్ కనబడక మళ్లీ సీలో పాత చోటునే వాడుకుంటుంది, ఆ రోజు యాడ్ చేసిన పాటలు సీలోకి పోతాయి. మా తమ్ముడు ఒక పెళ్లి పాటల ఫోల్డర్ ఇలాగే యాడ్ చేసి డిస్కులో లేవేంటి అని ఇల్లంతా లేపాడు. మళ్లీ ఓసారి కన్సాలిడేట్ కొడితే వచ్చేస్తాయి.

డ్రైవ్ లెటర్ ఇంకో తలనొప్పి. డిస్కు మొదట పెట్టినప్పుడు ఈ (E) అని వస్తుంది, రేపు పెన్‌డ్రైవ్ ముందు పెట్టి డిస్కు తర్వాత పెడితే ఎఫ్ అని వస్తుంది, లైబ్రరీ ఈ (E) దగ్గర వెతుక్కుంటుంది, మళ్లీ ఆశ్చర్యార్థకాలు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, డిస్క్ మేనేజ్‌మెంట్, మీ డిస్కు మీద రైట్ క్లిక్, ఛేంజ్ డ్రైవ్ లెటర్. నేను ఎమ్ పెట్టా, ఆ అక్షరం దాకా పెన్‌డ్రైవులు రావు. ఈ పని కన్సాలిడేట్‌కి ముందే చేయండి.

ఐట్యూన్స్ అంటే పడనివాళ్లకి మ్యూజిక్‌బీ అనే ప్లేయర్ ఉంది, ఫ్రీ, విండోస్‌కి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. తేలిక, ఫ్లాక్ పలుకుతుంది (ఐట్యూన్స్‌కి ఫ్లాక్ పడదు, యాపిల్ లాస్‌లెస్‌కి మార్చుకోవాలి, అదో పని), పోర్టబుల్ వెర్షన్ డిస్కులోనే పెట్టుకుని ఏ కంప్యూటర్‌కి పెట్టినా అక్కడే తెరవచ్చు. ప్లేలిస్టులు ఎమ్3యూ ఫైళ్లుగా ఉన్నవాళ్లకి పని ఇంకా తేలిక, అది ఉత్త టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాత అడ్రస్ తీసి కొత్త అడ్రస్ రీప్లేస్ ఆల్ కొట్టడమే. సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి. లేదంటే తెలుగులో పేరున్న పాటలన్నీ ప్రశ్నార్థకాల వరసైపోతాయి.

ఎలాగూ అన్నీ ఒకచోటికి చేరాయి కదా అని ట్యాగులు కూడా సర్దా. ఇది అంత తొందరగా తేలే పని కాదు, కానీ నాకు ఇష్టమైన పని, కాఫీ పెట్టుకుని కూర్చుంటే రాత్రి ఎంతైందో తెలీదు. పాటల సైట్ల నుంచి దించిన పాత ఎంపీ3ల్లో ఆల్బమ్ పేరు వెనకాల సైటు పేరు, గాయకుడి పేరు వెనకాల సైటు పేరు, ఆల్బమ్ బొమ్మ స్థానంలో కూడా సైటు బొమ్మే. ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రామ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి ఒక్క దెబ్బలో తీసేయొచ్చు. ఇక పేర్లు. ద్వారం వారి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకచోట డబ్ల్యూతో, ఒకచోట వీతో, ఒకచోట ఇనీషియల్స్‌తో, ఒకచోట నాయుడు ముందుకొచ్చి, సాఫ్ట్‌వేర్ దృష్టిలో వీళ్లంతా వేరు వేరు మనుషులు. సాలూరి రాజేశ్వరరావు గారు, మన సాలూరు పక్క శివరామపురం ఆయన, ఆయన ఇంకా ఎక్కువ మంది. ఘంటసాల గారైతే గాయకుల దగ్గరొకరు, సంగీత దర్శకుల దగ్గరొకరు, రెండుచోట్లా రెండు స్పెల్లింగులు. నేను తెలుగు లిపిలోనే పెట్టేద్దామనుకున్నా, కొత్త ప్లేయర్లన్నీ తెలుగు బాగానే చూపిస్తాయి, కానీ మా కారు స్టీరియో డబ్బాలు డబ్బాలుగా చూపించింది, నాన్న కారులోనే ఎక్కువ వింటారు, కాబట్టి పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచేసి, హరికథలకీ కచేరీలకీ మాత్రం తెలుగు పెట్టా. అవి కారులో వినరెవరూ.

కారంటే గుర్తొచ్చింది, ఫార్మాట్ సంగతి, అంటే డిస్కు మీద ఫైళ్లు రాసుకునే పద్ధతి. డిస్కు ఎక్స్‌ఫ్యాట్‌లో వచ్చింది. విండోస్, మ్యాక్, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ చదువుతాయి, కానీ సేఫ్‌గా తీయకుండా పీకేస్తే పాడయ్యే అవకాశం ఎక్కువ. ఎన్‌టీఎఫ్ఎస్ ఆ విషయంలో గట్టిది, మ్యాక్‌లో మాత్రం చదవడమే, రాయడం కుదరదు. మా ఇంట్లో అన్నీ విండోసే కాబట్టి పాటలు ఎక్కించక ముందే ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేసేసా, టీవీ కూడా చదువుతోంది. పాత కారు స్టీరియోలు, పాత హోమ్ థియేటర్లు ఫ్యాట్32 తప్ప ఏదీ ఎరగవు, వాటికోసం 2 టీబీ డిస్కు ఫార్మాట్ మార్చకండి, 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టుకుని దాంట్లో కావాల్సినవి వేసుకోండి. హార్డ్ డిస్కుని కారు గతుకుల్లో తిప్పకండి కూడా.

వాడకంలో ఒకటే చిరాకు. కాసేపు ఏమీ వినకపోతే డిస్కు నిద్రపోతుంది, మళ్లీ పాట నొక్కితే లేచి తిరిగి స్పీడు అందుకోవడానికి రెండు మూడు సెకన్లు, అప్పటిదాకా ప్లేయర్ బిగుసుకుపోతుంది. నాన్న మొదట్లో మౌస్ పనిచేయట్లేదని పదిసార్లు నొక్కేవారు, అన్నీ ఒకేసారి మొదలయ్యేవి. ఇప్పుడు అలవాటైపోయింది. డబ్బాతో పాటు వచ్చిన కంపెనీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ నేను పెట్టుకోలేదు, పాస్‌వర్డ్ పెట్టే సదుపాయం ఉంటుంది కొన్నింట్లో, మర్చిపోతే ఇక పాటల సంగతి మర్చిపోవడమే, పాటలకి తాళమెందుకు.

సీ డ్రైవ్ ఖాళీ చేశాక ఉన్న ఒక్క కాపీ ఈ డిస్కులోదే అవుతుంది, అంటే దీన్ని బ్యాకప్ అనడానికి లేదు. ఇంకో డిస్కు కొన్నాం, అదే కంపెనీది కాకుండా వేరేది, ఫ్రీఫైల్‌సింక్ అనే ప్రోగ్రామ్‌తో రెండూ ఒకేలా ఉంచుతున్నా. ఆ రెండోది శ్రీకాకుళంలో అక్క ఇంట్లో ఉంటుంది, పండక్కి వచ్చినప్పుడు తెస్తుంది, కొత్తవి ఎక్కించి పంపిస్తాం. బావగారు దాంట్లో తన సినిమాలు కూడా వేశారని మొన్న తెలిసింది, సింక్ చేసేటప్పుడు మిర్రర్ పెడితే నా డిస్కులో లేనివన్నీ అటు డిలీట్ అయిపోతాయి, అందుకని ఇప్పుడు పాటల ఫోల్డర్ ఒక్కటే సింక్ పెట్టా.

ఒక కేబుల్ అదనంగా కొని ఉంచుకోండి, ముందు పోయేది అదే. కొనేటప్పుడు చివర చూసుకోండి. పాత ఫోన్ ఛార్జర్ కేబుల్ ఇచ్చి ఇదే సార్ అంటారు కొన్ని కొట్లలో, అది ఆ వెడల్పు సాకెట్లో సగానికి పడుతుంది కూడా, డిస్కు వెలుగుతుంది కూడా, పాటలూ పలుకుతాయి, కానీ యూఎస్‌బీ 2 స్పీడు, కాపీ పెడితే 30 ఎంబీ దాటదు.